ఈకలు నిండుగా ఉన్నా బ్రాయిలర్‌కి చాతీ కండ పట్టడం లేదు, దాణాలో లోపం ఎక్కడ?

గుణుపూర్ షెడ్డు:
నమస్తే అండీ. 500 బ్రాయిలర్లు, వయసు 26 రోజులు. దాణా ఇక్కడే కలుపుతున్నాం. 100 కిలోలకి మొక్కజొన్న 58, సోయా చెక్క 12, వేరుశనగ తెలికపిండి 12, నువ్వుల తెలికపిండి 12, నూనె 2. మిగతా 4 ఖనిజాలు, విటమిన్లు, ఉప్పు. మాంసకృత్తులు 20 శాతం దాటుతున్నాయి. ఈకలు ఒత్తుగా ఉన్నాయి, కాళ్లూ గట్టిగానే ఉన్నాయి. చాతీ మీద చెయ్యి వేస్తే మాత్రం నడి ఎముక కత్తి అంచులా తగులుతోంది. సోయా పెంచాలా?

రాయగడ దాణా:
ఈక బాగుండి చాతీ ఎండిందంటే అక్కడే జవాబు ఉందండీ. ఈక అంటే కెరటిన్ అనే మాంసకృత్తు. మాంసకృత్తులన్నీ అమైనో ఆమ్లాలు అనే ముక్కలతో తయారవుతాయి. ఈకకి కావలసింది వాటిలో గంధకం ఉన్న సిస్టీన్, కోడి కాలేయం దాన్ని మిథియోనిన్ అనే ఇంకో గంధకపు ఆమ్లం నుంచి చేసుకోగలదు. లైసిన్ అనే ఆమ్లంతో ఈకకి పని తక్కువ. కండకి లైసిన్ లేనిదే జరగదు. ఈ వయసులో జోరుగా పెరిగేది చాతీ కండ కాబట్టి కొరత వస్తే మొదటి దెబ్బ దానికే.

మీ లెక్కే చూడండి. లైసిన్ మొక్కజొన్న నుంచి సుమారు 150 గ్రాములు, సోయా నుంచి 325, వేరుశనగ నుంచి 190, నువ్వుల నుంచి 110. మొత్తం 0.77 శాతం. 3 నుంచి 6 వారాల బ్రాయిలర్‌కి ఎన్‌ఆర్‌సీ (అమెరికా జాతీయ పరిశోధన మండలి) 1994 పోషక పట్టిక అడిగేది 1 శాతం. మిథియోనిన్, సిస్టీన్ కలిపి చూస్తే మాత్రం 0.72 వస్తోంది, పట్టికలోనూ అంతే. నువ్వుల పిండి పుణ్యమా అని ఈకకి కడుపు నిండింది, కండ పస్తులుంది. లైసిన్ అయిపోయాక మిగిలిన ఆమ్లాలు నిలవ ఉండవు. కాలేయం వాటిని విరిచి యూరిక్ ఆమ్లంగా పంపేస్తుంది, రెట్టలో తెల్లగా కనబడేది అదే.

సోయా పెంచినా లైసిన్ పెరుగుతుంది గానీ ఖర్చెక్కువ. 100 కిలోలకి లైసిన్ హైడ్రోక్లోరైడ్ 300 గ్రాములు చాలు (అందులో లైసిన్ 78 శాతం). ముందు 2 కిలోల మొక్కజొన్న నూకలో, తర్వాత 10 కిలోల దాణాలో, ఆపైన మొత్తంలో కలపండి. నేరుగా పారతో చల్లితే ఒక మూల అంతా, ఇంకో మూల ఏమీ ఉండదు. దీంతో క్లోరైడ్ కూడా వస్తుంది కనుక ఉప్పు 100 గ్రాములు తగ్గించి 150 గ్రాముల తినే సోడా వేయండి.

కిలో వేస్తే ఇంకా మంచిదనుకోవద్దు. కోడి ఆర్జినిన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని సొంతంగా చేసుకోలేదు, లైసిన్ మితి మీరితే మూత్రపిండాల్లో ఆర్జినిన్ విరిగిపోతుంది. మాడు వాసన వచ్చే తెలికపిండి కూడా కొనకండి. వేడికి లైసిన్ చక్కెరలతో ముడిపడిపోతుంది. పరీక్షలో కనబడినా కోడికి అందదు.

పర్లాకిమిడి పశువైద్యం:
లెక్క సరే, ముందు రెట్ట చూడండి. తిన్నదాంట్లో పేగు తన వాటా ముందే తీసుకుంటుంది. ముఖ్యంగా థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం, పేగు లోపలి జిగురుపొరలో అదే ఎక్కువ. కాక్సిడియా (పేగులో చేరే పరాన్నజీవి) వస్తే పొర ఊడుతూనే ఉంటుంది, థ్రియోనిన్ అక్కడే ఖర్చవుతుంది. రెట్టలో నెత్తురు చారలో నారింజ రంగు జిగురో కనబడితే వైద్యం మొదలుపెట్టి, తర్వాత దాణా సరిచేయండి. షెడ్డులో పరిచిన ఊకని పిడికిట నొక్కితే ముద్ద కట్టిందా, తడి ఎక్కువైనట్టే. వానాకాలంలో వేరుశనగ పిండికి బూజు పట్టిందేమో కూడా చూడండి. ఆ బూజు విషం అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తే ఏ లైసినూ కండగా మారదు.

గుణుపూర్ షెడ్డు:
రెట్ట మామూలుగానే ఉంది, ఊక పొడిగా ఉంది. ఇప్పుడు వేస్తే ఈ బ్యాచ్ కోలుకుంటుందా? నువ్వుల పిండి దొరక్కపోతే ఆ 12 కిలోలూ వేరుశనగే వేయొచ్చా?

రాయగడ దాణా:
కొంత కోలుకుంటుంది, పూర్తిగా కాదు. కండపోగుల సంఖ్య పిల్ల గుడ్డులోంచి వచ్చేసరికే తేలిపోతుంది. తర్వాత పోగు లావెక్కడమే, దానికి కావలసిన కణాలు ఎక్కువగా విభజన చెందేది మొదటి వారంలో. వచ్చే బ్యాచ్‌కి మొదటి 3 వారాలు మాంసకృత్తులు 23, లైసిన్ 1.10 శాతం ఉంచండి.

నువ్వులు తీసేస్తే లైసిన్ 0.85కి పెరుగుతుంది, 190 గ్రాముల హైడ్రోక్లోరైడ్ సరిపోతుంది. కానీ గంధకపు ఆమ్లాలు 0.62కి పడిపోతాయి. 100 గ్రాముల డీఎల్-మిథియోనిన్ కలపకపోతే ఈసారి వీపు బోడిగా కనబడుతుంది, ఒకదాని ఈకలు ఒకటి పీక్కుతినడం మొదలవుతుంది.