నాన్న గుమ్మం దగ్గర ఆగిపోతున్నారు, అడుగు పడట్లేదు

బెజవాడబ్బాయి: పొద్దున్నుంచి వెతుకుతున్నా, విసుగొచ్చేసింది. నాన్నకి పార్కిన్సన్స్. హాల్లో బాగానే నడుస్తారు. బాత్రూం గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు అతుక్కుపోయినట్టు నిలబడిపోతారు. చెయ్యి పట్టి లాగితే తూలిపోతున్నారు. ఏం చెయ్యాలి?

ఫిజియోవరంగల్: లాగడం ముందు మానండి. ఒళ్లు ముందుకొస్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి, బోర్లా పడతారు. ఆగిపోతే ఆగనివ్వండి. నిటారుగా నిలబడి, బరువు ఈ కాలి మీదికీ ఆ కాలి మీదికీ రెండు మూడుసార్లు మార్చి, అప్పుడు ఒక పెద్ద అడుగు. గుమ్మానికి ఇటు మూడు, అటు మూడు అడ్డగీతలు అంటించండి. గచ్చు మీద కొట్టొచ్చినట్టు కనపడే రంగు టేపు, గీతకీ గీతకీ సుమారు రెండు జానలు. "నడువు" అనకండి, "గీత దాటండి" అనండి. గుమ్మంలో పట్టా ఉంటే తీసేయండి. వెనక్కి తిరిగేటప్పుడు ఉన్నచోటే గిరుక్కున తిరగకూడదు, అర్ధచంద్రాకారంలో నడిచి తిరగాలి.

హక్కులమాస్టారు: సదరం (వైకల్య) సర్టిఫికెట్ తీసుకున్నారా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది. చాలామంది పక్షవాతానికే ఇస్తారనుకుని అప్లై కూడా చెయ్యరు.

మందులకొట్టు: మాస్టారూ, ఆయన గుమ్మం దాటడం అడిగారు. బాబూ, ఏం మందు, ఎన్నింటికి, దేంతో?

బెజవాడబ్బాయి: సిండోపా 110, మూడు పూటలా. పొద్దున పెసరట్టు, పాలు అయ్యాక.

మందులకొట్టు: అదీ సంగతి. పప్పు, పాలలో ఉండే ప్రొటీన్, సిండోపాలో ఉండే లెవోడోపా మందు పేగులో ఒకే దారికి పోటీ పడతాయి. తిండికి అరగంట ముందు వెయ్యండి, లేదా తిన్న గంటకి. వికారమైతే ఒక బిస్కెట్ చాలు. ఐరన్ మాత్రకి రెండు గంటల ఎడం.

ఫిజియోవరంగల్: మీరు చెప్పేది "ఆఫ్", అంటే మాత్ర ప్రభావం తగ్గిన సమయం. హాల్లో బాగా నడిచే మనిషి గుమ్మంలో ఆగితే అది ఫ్రీజింగ్, అంటే అడుగు ఉన్నట్టుండి అతుక్కుపోవడం.

మందులకొట్టు: ఆఫ్‌లోనే ఫ్రీజింగ్ ఎక్కువండీ.

ఫిజియోవరంగల్: ఆన్‌లో, అంటే మాత్ర పనిచేస్తున్నప్పుడు కూడా వస్తుంది, అప్పుడు డోసు పెంచితే ఇంకా ముదరొచ్చు. ఎప్పుడు మాత్ర వేశారు, ఎప్పుడు ఆగారు, వారం రోజులు రాసి డాక్టరుకి చూపించండి. మీరే మార్చకండి.

బెజవాడబ్బాయి: కళ్లు తిరుగుతున్నాయంటే సిన్నారిజిన్ కూడా వాడుతున్నాం, ఆర్నెల్లయింది. అది మామూలేగా?

మందులకొట్టు: ఇది మొదట చెప్పాల్సింది! అది కదలికలకి కావలసిన మెదడు రసాయనం డోపమైన్‌ని అడ్డుకుంటుంది, పార్కిన్సన్స్‌ని ముదరబెడుతుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. రేపే న్యూరాలజిస్టుకి ఫోన్ చేసి చెప్పండి. లెవోడోపా మాత్రం ఠక్కున ఆపకూడదు. కళ్లు తిరగడం బీపీ వల్లేమో చూడండి: అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి. పైఅంకె 20 తగ్గితే అది కూడా డాక్టరుకి చెప్పాలి.

హక్కులమాస్టారు: సదరం స్లాటు సంగతి...

బెజవాడబ్బాయి: టేపు వేశా, దాటుతున్నారు. లోపలివైపు తడికి ఊడిపోతోంది. థాంక్సండి.

ఫిజియోవరంగల్: ఊడిన అంచుకి కాలు తగులుతుంది, పీకేయండి. లోపల పెయింటుతో గియ్యండి.