ఆత్మరక్షణకు 9 ఎంఎం మేలా, .45 మేలా?

ప్రశ్న: లైసెన్సు చేతికి వచ్చింది, మొదటి పిస్తోలు ఎంచుకోవాలి. కాల్పుల సాధన రేంజిలో .45 ఏసీపీ (9 ఎంఎం కన్నా లావు గుండు) పిస్తోలు కాల్చినప్పుడు మొదటి గుండు గురి మధ్యలోనే పడింది గానీ, రెండోది జానెడు పైకి పోయింది. పెద్ద గుండైతే ఒక్క దెబ్బకే ఎదుటివాడు ఆగిపోతాడన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు 1: ఆ రెండో గుండే మీకు జవాబు చెప్పింది: ఎదురుతన్ను, అంటే కాల్చగానే పిస్తోలు చేతిని వెనక్కి తన్నడం, మీ గురిని చెదరగొట్టింది. పిస్తోలు గుండు ఏదైనా మనిషిని వెనక్కి విసిరేయదు. అది ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు దిగింది అన్నవే లెక్కకు వస్తాయి. 1986 మయామీ కాల్పుల తరువాత 9 ఎంఎంను కాదనుకుని 10 ఎంఎం, .40 గుండ్ల వైపు వెళ్లిన అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, ఒంటి కండకు బదులుగా పరీక్షకు వాడే జెలటిన్ దిమ్మెలో 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్న కొలతను ఆధునిక 9 ఎంఎం హాలో పాయింట్ (మొన బోలుగా ఉండి తగిలాక విచ్చుకునే) గుండ్లు అందుకుంటున్నాయని తేల్చుకుని, గత దశాబ్దంలో మళ్లీ దానికే వచ్చింది.

జవాబు 2: ఒక్క సవరణ. హాలో పాయింట్ దొరకని చోట, తగిలాక విచ్చుకోని మామూలు గుండ్లే వాడవలసి వస్తే, 11.5 మిల్లీమీటర్ల .45కు కొంత మొగ్గు ఉన్న మాట నిజమే. అయినా పాత .45 పిస్తోలు 1911 మ్యాగజైనులో (గుండ్ల అరలో) పట్టేవి ఏడే, 9 ఎంఎం పిస్తోలు గ్లాక్ 17లో పదిహేడు.

జవాబు 3: ఎదురుతన్ను తగ్గుతుందని 9 ఎంఎం కన్నా బలం తక్కువైన గుండు వాడే బుల్లి .380 పిస్తోలు మాత్రం కొనకండి. తేలికపాటి పిస్తోలు అరచేతిని ఎంత చురుక్కుమనిపిస్తుందో నేను యాభై గుండ్లు కాల్చాకగానీ తెలుసుకోలేదు.