తోన్ అథేనేథెన్ అథ్లోన్ ఎమి: తెలుగులో ఎలా అనాలి?

అందరికీ నమస్కారం. పూర్వం ఏథెన్స్‌లో ఎథీనా దేవికి చేసే పానథెనాయియా పండగ పందేల్లో నెగ్గినవాళ్ళకి పెద్ద జాడీల నిండా ఆలివ్ నూనె ఇచ్చేవారు. జాడీకి ఒక పక్క ఆ పందెం బొమ్మ, రెండో పక్క డాలు పట్టి, ఈటె ఎత్తి అడుగేస్తున్న ఎథీనా దేవి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న బర్గన్ జాడీ క్రీ.పూ. 560 ప్రాంతానిది, దాని మీద దేవి పక్కనే రాసిన గ్రీకు మాటలివి: 'తోన్ అథేనేథెన్ అథ్లోన్ ఎమి'. 'అథేనేథెన్' అంటే ఏథెన్స్ నుంచి, 'ఎమి' అంటే ఉన్నాను. 'అథ్లోన్' దగ్గరే ఆగిపోయాను. పందేలా, బహుమానాలా?

— రూపం చూస్తే రెండూ కుదురుతాయండీ. 'అథ్లోస్' పందెం, 'అథ్లోన్' బహుమానం. షష్ఠీ బహువచనంలో రెండూ ఒకటైపోతాయి. మాట్లాడుతున్నది జాడీ కాబట్టి నా ఓటు బహుమానానికే. ఇక 'ఎమి'కి మనకి వేరే క్రియ అక్కర్లేదు. "నేను రాముణ్ణి" అన్నప్పటి 'ని' చాలు. కాకపోతే 'నేను' తీసేయకండి. ఒట్టి "బహుమానాన్ని" అంటే ద్వితీయా విభక్తి అనుకుంటారు.

— 'నుంచి' మాత్రం వదలొద్దని నా మనవి. "ఏథెన్స్ బహుమానం" అంటే సగం అర్థం పోతుంది. ఆ నూనె దేవికి చెందిన పవిత్ర ఆలివ్ చెట్లది. నెగ్గినవాళ్ళు దాన్ని అమ్ముకోవచ్చు, పైదేశాలకీ పంపుకోవచ్చు. అందుకే ఈ జాడీలు ఇటలీలో వుల్చి సమాధుల్లో, ఆఫ్రికా ఒడ్డున సిరెనైకాలో కూడా దొరికాయి. అంత దూరాన కొన్నవాడికి సరుకు ఎక్కడిదో చెప్పేవి దేవి బొమ్మా, ఈ మాటా. క్రీ.పూ. 530 ప్రాంతంలో ఎర్ర బొమ్మల పద్ధతి (బొమ్మని మట్టి ఎరుపులోనే వదిలి చుట్టూ నలుపు నింపడం) వచ్చి మిగతా కుండలు క్రమంగా మారిపోయినా, ఈ జాడీల మీద ఎథీనాని పాత నల్ల బొమ్మగానే వేస్తూ వచ్చారు. దేవుడి పనిలో పాత పద్ధతిని అంత తేలిగ్గా వదలరు కదా! నాకు వీటిలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే.

— చాలా బాగా చెప్పారండీ, ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే బర్గన్ జాడీకి "నేను ఏథెన్స్ నుంచి వచ్చిన బహుమానాల్లోదాన్ని" అని రాస్తాను. తర్వాతి జాడీల మీద 'ఎమి' ఉండదు కాబట్టి వాటికి "ఏథెన్స్ నుంచి వచ్చిన బహుమానాల్లోది" అంటే సరిపోతుంది.