పొగడదండ: పూలదండ కాదు, పొగడ్త అసలే కాదు

నిన్న ఇక్కడ ఒకరు ‘కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా పురవీధి నెదురెండ పొగడదండ’ అన్న పాదం (శ్రీనాథుడి పేరు మీద జనం నోట నడిచే ఒక చాటుపద్యంలోది) పెట్టి, ఇది శ్రీనాథుడికి ఊరేగింపులో వేసిన పూలదండేనా అని అడిగారు. అడిగినాయన తప్పేం లేదండీ. పద్యం కట్టిందే అలా పొరబడేట్టు.

పొగడ చెట్టుంది, పూలున్నాయి, దండలూ గుచ్చుతారు. ఇక్కడిది మాత్రం శిక్షగా మెడకు తగిలించేది. ‘ఎదురెండ’ను దాటేసి చదివితే సన్మానమే కనిపిస్తుంది.

తక్కిన పాదాలదీ ఇదే వరస. నగరి (రాజుగారి కోట) వాకిట ఉండే నల్లగుండు సార్వభౌముడి భుజాస్తంభం ‘ఎక్కెను గదా’. కావ్యాల్లో రాజుల భుజాలు భూభారం మోస్తాయి. ఈయన బిరుదు కవిసార్వభౌముడు, మోసింది బండ. ఆంధ్రనైషధకర్త (ఆయనే, శ్రీనాథుడు) కాళ్ళకు సంకెళ్ళ జత ‘తగిలియుండెను గదా’ (ఇక్కడ మాత్రం చమత్కారం కాస్త చప్పబడింది). మిగిలినది నాకు ప్రాణం: వెదురుగొడియ, అంటే వెదురు బేడీ, విద్వాంసుడి ముంజేతితో ‘వియ్యమందెను గదా’! చేతికి బేడీ పడిందనడు, సంబంధం కలిసిందంటాడు. సామానంతా చెరసాలది, మాటలు పెళ్ళివారివి.

ఇంతకీ నేరమేమిటి? బొడ్డుపల్లెలో సేద్యం చేసి మోసపోయాడు. కొంత ఫలం కృష్ణవేణమ్మ (కృష్ణా నది) కొనిపోయింది, నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి. ‘ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’ అని ముగింపు, అంటే ఏడువందల టంకాల (నాణేల) పన్ను ఎలా కట్టేది అని. ముంచిన ఏటిని అమ్మా అన్నాడు, పిట్టలనూ తిట్టలేదు. తనను పోషించిన రాజమహేంద్రవరం ప్రభువు వీరభద్రారెడ్డి పేరు పద్యంలో ఉంది. దండ వేయించినవాడి పేరు మాత్రం లేదు! పంట పోయినా పన్ను పోదన్న ఆ దొర ఎవరో పద్యం చెప్పదు. నా మటుకు ఇంతకన్న పెద్ద తిట్టు లేదు.

– ఇది ఏడుపు పద్యం కదండీ, వ్యంగ్యమంటారేం?

ఏడుపే, కాదనను. ఒక్క పని చేయండి, నాలుగు ‘గదా’లూ తీసేసి చదవండి. ఉత్త ఫిర్యాదు మిగులుతుంది. ఆ ‘గదా’ విన్నవాణ్ణి సాక్షిగా నిలబెడుతుంది: చూశావుగా, మా మర్యాదలు!

– శ్రీనాథుడే రాశాడని రుజువేదీ?

చాటువుకు రుజువేమిటి మాస్టారూ, నోటి మీద బతికిన సరుకది. శ్రీనాథుడి పేరు మీదే జనం చెప్పుకుంటూ వచ్చారు. ఆయనే చెప్పాడో, ఆయన అవస్థ చూసి ఇంకెవరైనా కట్టారో గానీ, కౌలు చేసి మునిగినవాడికి ఈ పద్యానికి టీకా అక్కర్లేదు.

– మా ఊళ్ళో ‘స్టేషన్లో సన్మానం చేశారు’ అంటే బాగా తగిలాయని అర్థం. అదీ ఇదీ ఒకటేనా?

అక్షరాలా. జైలుని అత్తారిల్లు అనడం లేదూ? ఆ ముంజేతి వియ్యం అక్కడే కుదిరుంటుంది.