ఈ హమ్మింగ్‌బర్డ్ ఏ జాతిదో చెప్పగలరా?

మేం సియాటిల్‌లో ఉంటాం. డిసెంబరు చలిలో కూడా పంచదార నీళ్లు పోసి తగిలించిన మా ఫీడర్ దగ్గరికి ఒక హమ్మింగ్‌బర్డ్ వస్తోంది. వీపు ఆకుపచ్చ, పొట్ట బూడిద రంగు. గొంతు మామూలుగా నల్లగానే కనిపిస్తుంది కానీ, తల తిప్పినప్పుడు ఎండ పడిందంటే నుదురుతో సహా ముదురు గులాబీ రంగులో ధగధగలాడుతుంది. రూఫస్ అనే జాతిది అయితే ఒళ్లు ఇటుక రంగులో ఉండాలి, పైగా అది చలికాలానికి మెక్సికో వైపు వెళ్లిపోతుంది కదా. అందుకే అన్నాస్ అనే జాతి మగ పక్షి అనుకుంటున్నాను. కరెక్టేనా?

ఎప్పుడూ ఒకే కొమ్మ మీద కూర్చుని, ఇంకోటి వస్తే తరిమేస్తుంది. వేలెడంత లేదు, పెత్తనం మాత్రం ఊరంత!

ఇవి రాత్రిళ్లు ఒంటి వేడి బాగా తగ్గించుకుని మగతలో ఉంటాయట. తెల్లారగానే తిండి దొరక్కపోతే ఎలా అని నా టెన్షన్, ఎందుకంటే పంచదార నీళ్లు గడ్డకట్టేస్తున్నాయి. ఒక వంతు పంచదారకి నాలుగు వంతుల నీళ్లు కలుపుతున్నాను. చలికి పంచదార కాస్త పెంచొచ్చా? లేక రాత్రి ఫీడర్ లోపల పెట్టి పొద్దున్నే తగిలిస్తే చాలా?