కొత్త ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్ బొమ్మ) కారు డిజైన్ రిలీజ్‌కు ముందే చూపించాలా, వద్దా?

పెన్నా_బగ్గీ (కడప): కొత్త మోడల్ వస్తుంటే కంపెనీ కనీసం ఆరు నెలల ముందు ఫొటోలు, ఛాసిస్ (అడుగు చట్రం) వివరాలు బయటపెట్టాలని నేనంటాను. ఎంతో కాలం డబ్బు కూడబెట్టి 1/10 స్కేల్ (అసలు బండిలో పదో వంతు సైజు) బగ్గీ కొంటే నెల తిరక్కుండా కొత్త వెర్షన్ దిగింది, ఛాసిస్ వేరు, చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్స్ వేరు, పాతదాని స్పేర్స్ అడిగితే లేవంటున్నారు. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పోయింది. ఇంత పోసి కొనేవాడికి ఏం రాబోతోందో తెలియొద్దా?

బురుజు_హాబీస్ (కర్నూలు): షాపు నడిపేవాడిగా చెబుతున్నా, వద్దు. ఆస్‌బోర్న్ అని ఒక కంప్యూటర్ కంపెనీ ఉండేది. కొత్త మోడల్ గురించి ముందే చెప్పేసరికి పాతది కొనేవాళ్లు ఆగిపోయారు, 1983లో కంపెనీ దివాలా తీసింది. ఆరు నెలల ముందు చూపిస్తే ఆ ఆరు నెలలూ నా షాపులో ఉన్న స్టాక్ ఎవరు కొంటారు?

పీటీసీ_గ్రౌండ్ (అనంతపురం): జపాన్ ఆర్‌సీ కార్ల కంపెనీ టామియా ప్రతి మే నెలలో అక్కడి షిజువోకా హాబీ షోలో కొత్తవి చూపిస్తూనే ఉంది కదన్నా. మునిగిపోలేదే.

బురుజు_హాబీస్: టామియా సంగతి వేరు తమ్ముడూ. 1984 నాటి గ్రాస్‌హాపర్, హార్నెట్ బగ్గీలు మళ్లీ తయారు చేసినా జనం కొంటారు, వాళ్లకు పాతదనమే విలువ. రేసింగ్ బగ్గీ అలా కాదు, కొత్తది వచ్చిందంటే పాతదాని వైపు ఎవరూ చూడరు. పైగా ముందే చూపిస్తే కాపీ కొట్టేవాళ్లకు పండగ.

పెన్నా_బగ్గీ: ఆస్‌బోర్న్ ఒక్క ప్రకటన వల్లే పోలేదు సార్, పోటీ కంపెనీల దెబ్బ కూడా ఉంది. అయినా కంప్యూటర్లకూ మన కార్లకూ ఏం సంబంధం? పక్కనే పెనుకొండ కియా చూడండి. 2018 ఆటో ఎక్స్‌పోలో ఎస్‌పీ కాన్సెప్ట్ అనే నమూనా కారు చూపించారు, 2019 ఆగస్టులో అదే సెల్టోస్‌గా అమ్మారు, జనం ఎగబడి కొన్నారు.

బురుజు_హాబీస్: సెల్టోస్ మన దేశంలో కియా మొదటి కారు! అమ్ముడుపోకుండా మిగలడానికి పాత కారే లేదు. ఆస్‌బోర్న్ గురించి నేను చెప్పింది నిజమే, పోటీ ఉంది కాబట్టే ఆ ప్రకటన ఇంకా గట్టిగా తగిలింది.

తుంగభద్ర_ఇసుక (కర్నూలు): ఆస్‌బోర్న్‌ను వదిలేయండప్పా. కాపీ భయం ఉంటే మొదట డిజైన్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టి తర్వాత చూపించాలి. మన 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందే బయటపెడితే రిజిస్ట్రేషనే దక్కదు. వరుస మారిస్తే సరిపోతుంది.

బురుజు_హాబీస్: చట్టం ఉంది, కోర్టుల చుట్టూ తిరిగేదెవరు? సరే, కాపీ సంగతి పక్కన పెడదాం. మాకు డిస్ట్రిబ్యూటర్ కొన్ని వారాల ముందు చెబుతాడు, ఆలోపు పాత స్టాక్ దించుకుంటాం. వ్యాపారం నడిచేది ఆ కొన్ని వారాల మీదే. కొనేవాళ్లందరికీ ముందే తెలిస్తే ఆ వీలు కూడా పోతుంది.

పెన్నా_బగ్గీ: ఆగండి. అంటే కొత్తది వస్తోందని మీకు ముందే తెలుసు, తెలిసే పాతది పూర్తి ధరకు మా చేతిలో పెడతారు. నాకు అమ్మినాయనను "ఇదే లేటెస్టా?" అని అడిగితే నా మొహం చూసి అవునన్నాడు. కొత్త బాక్సులు వచ్చిన రోజు అదే మనిషి నవ్వుతూ ఫొటో పెట్టాడు. ఇది మోసం కాక ఏంది?

బురుజు_హాబీస్: నోరు అదుపులో పెట్టుకో. నువ్వు నా దగ్గర కొనలేదు. షాపు అద్దె, కరెంటు బిల్లు, ముందే కట్టేసిన సుంకం, ఇవన్నీ నీకేం తెలుసు? బయట చెప్పనని సంతకం పెట్టాకే మాకు ఆ సమాచారం ఇస్తారు. చెబితే డీలర్‌షిప్ పోతుంది.

పీటీసీ_గ్రౌండ్: చెప్పకూడదంటే చెప్పొద్దన్నా. కానీ అడిగినవాడికి "ఇదే లేటెస్ట్" అనడం వేరు, ఊరుకోవడం వేరు.

పెన్నా_బగ్గీ: నేను అరిచేది అందుకే. నాకు రహస్యాలు వద్దు సార్. ధర తగ్గించి, "దీని స్పేర్స్ ముందు ముందు దొరకవు, ఒక సెట్ ఇప్పుడే కొనిపెట్టుకో" అంటే ఆ పాతదే సంతోషంగా కొనేవాణ్ణి. ఇప్పుడు ముందు ఆర్మ్ విరిగి బగ్గీ అటక మీద పడుంది.

తుంగభద్ర_ఇసుక: ఏ మోడలో చెప్పు, నా పాత దానివి విప్పి చూస్తా.

బురుజు_హాబీస్: ధర తగ్గించమనడం తేలిక. ఆ తగ్గించిన సొమ్ము కంపెనీ నాకు తిరిగి ఇస్తుందా? ఇస్తానని రాసిస్తే ఆరు నెలలు కాదు, ఏడాది ముందే చూపించమను, నేనే షాపు ముందు ఫ్లెక్సీ కట్టిస్తా. ఇవ్వనంతవరకు ఆ నష్టం నా ఒక్కడి నెత్తిన వేసే ఏ పద్ధతికీ నేను ఒప్పుకోను.