రోజూ కాంక్రీటు పనికి ఏ కంపెనీ డ్రిల్లింగ్ మెషీన్ మంచిది?

తిరుపతిలో ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాను. చవకగా వచ్చిందని కొన్న మెషీన్ నాలుగు నెలలకే, రేణిగుంటలో ఒక ఇంటి స్లాబుకు రంధ్రాలు వేస్తుండగా ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్టల భాగం) కాలి ఆగిపోయింది. ఆ రోజు కూలీ పోయింది, ఇంటివారికిచ్చిన మాటా పోయింది.

ఇప్పుడు ఎస్‌డీఎస్ ప్లస్ (గాడులుండి, నొక్కితే పట్టుకునే రకం) బిట్లు పట్టే, కాంక్రీటులో 26 మిల్లీమీటర్ల దాకా రంధ్రం వేసే రోటరీ హ్యామర్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టే డ్రిల్) కొనాలి. బాష్‌లో నీలం రంగువి వృత్తి పనివారికి, ఆకుపచ్చవి ఇంటి అవసరాలకు అని తెలుసు. మకిటా, డీవాల్ట్ కూడా చూస్తున్నాను. ధరకన్నా నాకు రిపేరే ముఖ్యం. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, ఆర్మేచర్, స్విచ్ తిరుపతిలోనే దొరుకుతాయా, చెన్నైకి పంపాలా? రోజూ స్లాబు మీద వాడేవారు దయచేసి చెప్పండి.

చిత్తూరులో నాన్నగారికి గోడకు అరలు బిగించుకోవడానికి చిన్న డ్రిల్ కావాలి. దానికి ఆకుపచ్చది సరిపోతుందా?